మామిడికాయా, సుంకమూ

మా అన్నకు ఇంగ్లీషు రాదు. నాకు లెక్కలు రావు. ఈ రెండు లోపాలనూ పక్కపక్కన పెట్టి చూసి మా నాయన నవ్వుకునేవాడు. "ఒగడు పద్దు రాస్తే ఇంకొగడు అర్జీ రాస్తాడు, కాపురం గడిచిపోతాదిలే" అనేవాడు. ఆయన అన్నట్టే గడిచింది. నేను తిరుపతిలో ఒక కళాశాలలో తెలుగు చెప్పుకుంటూ వుండిపోయాను. మా అన్న బంగారుపాళ్యం దగ్గర మా వూళ్ళో ఐదెకరాల మామిడితోపు చూసుకుంటూ వున్నాడు. తోపు ఇద్దరిదీ. ఇంతవరకూ పంచుకోలేదు. ఏటా కాయలు అయిపోగానే నా వాటా అని కొంత సొమ్ము పంపుతాడు. ఎంత వచ్చిందో, ఎంత పోయిందో నేనెన్నడూ అడగలేదు. అడగకపోవడం నా పెద్దమనిషి తరహా అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది తరహా కాదనీ, ఒట్టి బద్ధకమనీ ఈ మధ్యనే తెలిసింది. ఎలా తెలిసిందో చెబుతాను.

2025 జూలైలో ఒకనాటి రాత్రి పదకొండు గంటలప్పుడు ఫోను మోగింది.

"చిన్నోడా, పండుకున్నావా?"

"లేదన్నా. ఏమి ఇంత రాత్రి? యాడుండావు?"

"జ్యూసు ఫ్యాక్టరీ గేటు కాడ. ఇది రెండో రాత్రి. మన ట్రాక్టరుకు ముందర ఇంకా ముప్పై నలబై బండ్లుండాయి. అడుగుకాయ మెత్తబడిపోతాంది రా."

నేనేదో ఓదార్పు మాట అనబోయాను. అన్న వినిపించుకోలేదు. అతనికి కావలసింది ఓదార్పు కాదు, ఒక అర్థం.

"లోపల గుమాస్తా ఒక మాట అన్నాడు. ఎగుమతి చేసేవాళ్ళకు గవర్నమెంటు ఇచ్చే ప్రోత్సాహమేందో ఢిల్లీలో ఎత్తేసినారంట. అందుకే ఈ యేడు రేటు లేదంట. అది నిజమా, అబద్ధమా? నువ్వు చదువుకున్నోడివి గదా, చూసి చెప్పు."

చదువుకున్నవాణ్ణే. కాదనను. మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయం మీద ఏ దారిన తిరిగాడో అడిగితే చెబుతాను. ఎగుమతి సుంకాల సంగతి అడిగితే నాకు తెలిసినదల్లా ఒక్క శాసనం. కాకతి గణపతిదేవుడు 1244వ సంవత్సర ప్రాంతాన మోటుపల్లి రేవులో ఒక స్తంభం నిలిపి, ఓడ బేరగాళ్ళకు అభయమిచ్చాడు. అంతకుముందు రాజులు తుపానుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవారట. నేనలా చేయను, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాను, ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైయింట ఒక వంతు అని అందులో చెక్కించాడు. పచ్చకర్పూరానికీ, గంధపుచెక్కకూ, ముత్యాలకూ విడివిడిగా రేట్లు వున్నాయి. పరీక్షలకు ఇది మంచి ప్రశ్న. అభయశాసనాన్ని గురించి వ్రాయుడి అని నేనే ఎన్నిసార్లు ఇచ్చానో లెక్కలేదు. ఒక్కనాడైనా ఆ ముప్పైయో వంతు ఎవరి చేతిలోంచి వెళ్ళేదో ఆలోచించిన పాపాన పోలేదు. ఓడకెక్కిన సరుకును పండించినవాడు ఆ స్తంభం దరిదాపులకు వచ్చి వుంటాడా?

సరే, మర్నాడు మా కళాశాలలో కామర్సు చెప్పే మిత్రుణ్ణి పట్టుకున్నాను. ఆయన రెండు కాఫీలకు లొంగే మనిషి. నా విషయంలో మాత్రం నాలుగు కావలసి వచ్చాయి.

ముందుగా మా కాయ సంగతి తెలియనివారికి చెప్పాలి. ఇది తోతాపురి. ముక్కు చిలకముక్కులా వుంటుంది కనుక ఆ పేరు. మా నాయన బెంగుళూరు కాయ అనేవాడు. కోస్తా వైపు కలెక్టరు కాయ అంటారు. కోసుకు తినడానికి బేనీషాకు ఇది సాటి రాదు, ఏమాటకామాటే చెప్పుకోవాలి. కానీ గుజ్జుకు దీని తరువాతే ఏదైనా. చిత్తూరు చుట్టూ ఇన్ని జ్యూసు ఫ్యాక్టరీలు లేచాయంటే ఈ కాయ వల్లనే. జూన్, జూలై వచ్చిందంటే కాయంతా ర్యాంపులకూ, ఫ్యాక్టరీ గేట్లకూ చేరుతుంది. అక్కడ గుజ్జు తీసి, క్రిములు లేకుండా కాచి, గాలి చొరని సంచీలో నింపి, ఆ సంచీని ఇనుప పీపాలో పెడతారు. పీపాకు 215 కిలోల గుజ్జు. అంటే కాయ ఇంచుమించు నాలుగు వందల కిలోలకు పైమాటే. ఆ పీపాలు లారీలెక్కి చెన్నపట్నం రేవుకు పోతాయి. అక్కడినుంచి సౌదీ అరేబియా, యెమెన్, నెదర్లాండ్స్. కొంత మనదేశంలోనే శీతల పానీయాల సీసాల్లోకి పోతుంది. యెమెన్ ఎక్కడున్నదో మ్యాపులో చూపించమంటే మా అన్న చూపించలేడు. కానీ 2023 చివర యెమెన్ హూతీలు ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులకు దిగి, ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవలసివచ్చి, కేవు పెరిగిపోయినప్పుడు, "సముద్రంలో ఏదో గలాటా అంట, దాని దెబ్బ మన కాయ మీద పడతాదేమో" అని దిగులుపడ్డవాళ్ళలో అతనొకడు.

ఇక ప్రోత్సాహం సంగతి. సరుకు విదేశానికి పంపి డాలర్లు తెచ్చేవాడికి ప్రభుత్వం ఏదో ఒక చేయూత ఇవ్వడం ఎప్పటినుంచో వున్నదే. దిగుమతి చేసుకున్న ముడిసరుకు మీద కట్టిన సుంకాన్ని, దానితో చేసిన సరుకు ఎగుమతి అయినప్పుడు తిరిగి ఇచ్చే డ్యూటీ డ్రాబ్యాకు 1962 నాటి కస్టమ్సు చట్టంలోనే వున్నది. వ్యవసాయపు సరుకులకు విశేష కృషి గ్రామోద్యోగ్ యోజన అని ఒకటి వుండేది. 2015 ఏప్రిల్ 1 నుంచి దాన్నీ, అలాంటి మరి నాలుగింటినీ కలిపి ఎం.ఇ.ఐ.ఎస్. అనే ఒకే పథకం చేశారు. సరుకు పంపితే దాని విలువలో నూటికి ఇంత అని ఒక పత్రం ఇస్తారు. స్క్రిప్పు అంటారు దాన్ని. అది డబ్బు కాదు గాని, దిగుమతి సుంకం కట్టడానికి డబ్బులాగే చెల్లుతుంది. ఇంకొకరికి అమ్ముకోనూవచ్చు.

ఈ చివరి ముక్క వినగానే నేను కాఫీ కింద పెట్టేశాను.

"అంటే మా అన్న కాయ గుజ్జయి, గుజ్జు పీపాయై, పీపా ఓడెక్కితే, దాని పేరున పుట్టిన కాగితంతో ఎవరో బొంబాయి ఆసామి తన జర్మనీ యంత్రానికి సుంకం కట్టుకోవచ్చునా?"

"నిక్షేపంగా."

"ఆ కాగితం అమ్మిన డబ్బు?"

"ఎగుమతి చేసినవాడిది. చట్టం అంతవరకే. పైన కాయ ధర ఎంత ఇవ్వాలో అందులో ఎక్కడా లేదు."

ఎందుకు లేదని నేను వాదానికి దిగాను. ఎగుమతిదారుడు ఆ లాభం చూసుకునే ఎక్కువ ధర పెట్టి కాయ కొంటాడనీ, పోటీ వుంటే అది దానంతట అదే తోపు దాకా దిగుతుందనీ మిత్రుడు అన్నాడు. అంత కొట్టిపారేయవలసిన మాట కాదు. కాయ తక్కువైన ఏడు అలాగే దిగుతుంది కూడా. కాయ విరగకాసిన ఏడు గేటు దగ్గరే ఆగిపోతుంది. ఆ ఏడు పోటీ పడేది కొనేవాళ్ళు కాదు, మా అన్నా, అతని ముందున్న నలబై ట్రాక్టర్లూను.

ఈ ఎం.ఇ.ఐ.ఎస్. మీద 2018 మార్చిలో అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు పెట్టింది. ఆ సంస్థ ధర్మం ఒకటున్నది: కట్టించుకున్న పన్ను తిరిగి ఇవ్వవచ్చు గాని, ఎగుమతి చేశావు గనుక ఇదిగో బహుమానం అని ఇవ్వకూడదు. పేద దేశాలకు మినహాయింపు వున్నది. ఎంత పేద అంటే, 1990 నాటి డాలరు విలువలో తలసరి ఆదాయం వెయ్యి డాలర్లకు లోపు. వరుసగా మూడేళ్ళు మనం ఆ గీత దాటేశామట! మనకు తెలియకుండానే మనం ధనవంతులమైపోయిన సంగతి జెనీవాలో తేలింది. 2019 అక్టోబరు 31న విచారణ సంఘం మనకు వ్యతిరేకంగా చెప్పింది. నవంబరులో మనవాళ్ళు అప్పీలు చేశారు. డిసెంబరుకు అప్పీలు వినే న్యాయమూర్తులే కరువై ఆ సభ మూతబడింది. ఆ వ్యాజ్యం కథ పెద్దది, మనకిక్కడ అక్కరలేదు.

2021 జనవరి 1 నుంచి ఎం.ఇ.ఐ.ఎస్. పోయి రోడ్‌టెప్ వచ్చింది. పేరు రోడ్డుకు సంబంధించినదిలా వున్నా అసలు అర్థం వేరు. సరుకు తయారీలో, రవాణాలో కట్టిన పన్నుల్లో మరే దారినా వెనక్కి రానివి కొన్ని వుంటాయి. లారీ డీజిలు మీద పన్ను, కరెంటు మీద సుంకం, మార్కెటు సెస్సు ఇలాంటివి. వాటిని లెక్కగట్టి తిరిగి ఇస్తారు. బహుమానం కాదు, వాపసు. తమాషా ఏమంటే, పథకం జనవరిలో మొదలైతే ఏ సరుకుకు ఎంత అన్నది ఆగస్టు 17న గాని బయటపెట్టలేదు. ఆ ఏడు మామిడి కాలం అంతా రేటు తెలియకుండానే గడిచిపోయింది. రేటు తెలియని సొమ్మును ఏ యజమానైనా కాయ ధరలో కలుపుతాడా? నేనైతే కలపను. అదే ఏడు సెప్టెంబరులో పాత బకాయిల కింద ఎగుమతిదారులకు 56,027 కోట్లు విడుదల చేస్తున్నామని ప్రకటించారు. దేశం మొత్తానికీ, అన్ని సరుకులకూ కలిపి లెండి. ఎప్పుడో కొన్న కాయల తాలూకు కాగితాలకు ఆ తరువాత సొమ్ము వచ్చింది. కాయలిచ్చినవాళ్ళకు ఆపాటికి ఆ కాయల రంగు కూడా గుర్తుండదు.

ఇంతవరకూ బాగానే వున్నది. కానీ 2021లో జరిగినది 2025లో మా అన్న ట్రాక్టరును ఎందుకు ఆపుతుంది? గుమాస్తా చెప్పినది మరేదో అయివుండాలి. మిత్రుడు కాగితాలు వెదికి, రెండు తేదీలు చూపించాడు.

ఎగుమతి కోసమే పెట్టిన యూనిట్లకూ, ప్రత్యేక ఆర్థిక మండలాల్లో వున్నవాటికీ, ముడిసరుకు సుంకం లేకుండా తెచ్చుకునే అనుమతి మీద సరుకు పంపేవాళ్ళకూ ఈ వాపసు మొదట్లో లేదు. తరువాత ఇచ్చారు. 2025 ఫిబ్రవరి 5తో ఆపేశారు. అదే గుమాస్తా చెప్పిన ఎత్తివేత. అబద్ధం కాదు. కానీ జూన్ 1 నుంచి మళ్ళీ ఇచ్చారు. మిగతా ఎగుమతిదారులకు మధ్యలో ఆగనే లేదు. అంటే మా అన్న గేటు ముందు నిలబడిన జూలై రాత్రికి, పోయినది తిరిగి వచ్చి నెల దాటింది. పోయిన వార్త తోపు దాకా నడిచి వచ్చింది. తిరిగివచ్చిన వార్తకు మా వూరి బస్సు దొరకలేదు కాబోలు.

ఆ మిగతా ఎగుమతిదారుల రేట్లు అనుబంధం 4ఆర్ అనే పట్టికలో వుంటాయి. ఎనిమిదేసి అంకెల సరుకు నంబర్లూ, వాటి ఎదుట శాతాలూను. మోటుపల్లి స్తంభం గుర్తుకొచ్చి, ఇదీ ప్రకటితమైన శాసనమే గదా అనుకున్నాను. కానీ అందులో మామిడిగుజ్జు వున్న వరస వెదకడానికి ఎం.ఏ. చదివిన నాకు అరగంట పట్టింది.

వినాయకచవితికి వూరికి వెళ్ళాను. కాగితాలన్నీ సంచీలో పెట్టుకుని, పాఠం చెప్పబోయేవాడి హుషారుతో వెళ్ళానని ఒప్పుకోవాలి. పూజా, కుడుములూ అయ్యాక అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాను. అన్న మధ్యలో ఒక్కమాట అనకుండా విన్నాడు. అంతా అయ్యాక అడిగాడు:

"ఆ మొదటిది, కాగితాలు అమ్ముకునేది, ఎత్తేసింది ఎప్పుడంటివి?"

"2021 మొదట్లో."

"మరి పోయినేడు మన కాయ మంచి ధరకే పాయె గదా? అప్పుడు అది లేదు గదా?"

నేను నోరు తెరిచాను. ఇరవై రోజులు కాగితాలు చదివి నేను అడగని ప్రశ్న అది. 2024లో కాయ తక్కువ, ఫ్యాక్టరీలవాళ్ళు ఎగబడి కొన్నారు. 2025లో కాయ విరగకాసింది, పైగా అంతకుముందు ఏటి గుజ్జు ఫ్యాక్టరీల్లో అమ్ముడుపోకుండా మిగిలివున్నది. ధర పడిపోవడానికి ఢిల్లీ కంటే ఇవే పెద్ద కారణాలు. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, పైన 4 రూపాయలు మేమిస్తామని రాష్ట్ర ప్రభుత్వం చెప్పవలసినంత దాకా వచ్చింది. అన్న కాయలు తీసుకున్నచోట చీటీ మీద 6 అని వేశారు. ఆ ఫ్యాక్టరీ పేరు నేను రాయను. వచ్చే ఏడు మళ్ళీ ఆ గేటు ముందే నిలబడవలసినవాడు మా అన్న.

"అయితే గుమాస్తా ఎందుకట్ల చెప్పినాడు?" అన్నాను, నాకే తెలియాలన్నట్టు.

"ఏదో ఒకటి చెప్పల్ల గదా రా. ఢిల్లీ అంటే మనం పోయి అడగలేము." అని అన్న లోపలికి వెళ్ళి పద్దుపుస్తకం, పెన్సిలు తెచ్చాడు. "నూటికి ఒక రూపాయి అనుకుందాము. గుజ్జు కిలో ఎనబైకి అమ్మినాడనుకుందాము. అనుకునేదే, నాకు తెలీదు. కిలోకు ఎనబై పైసలు. కిలో గుజ్జుకు రెండు కిలోల కాయ. కాయకు నలబై పైసలు. మనది ఇరవై టన్నులు. ఎంతాయె? ఎనిమిది వేలు." పెన్సిలు ఆపి నా ముఖం చూశాడు. "ఎనిమిది వేలంటే రెండుసార్లు మందు కొట్టిన కూలి. పెద్ద సొమ్మేం కాదు. ఇయ్యకపోతే ఇయ్యకపోనీ. వచ్చినన్నాళ్ళూ వచ్చిందని చెప్పినారా? ఒక్క చీటీ మీదన్నా రాసినారా? పోయింది మాత్రం నా దగ్గర చెప్పేదెందుకు?"

లెక్కలు రానివాణ్ణి గనుక పద్దుపుస్తకం చేతిలోకి తీసుకుని వూరికే తిరగేశాను. కోత కూలి, ట్రాక్టరు బాడుగ, రెండు రాత్రుల కాపు, పారబోసిన కాయ. కూడిక తీసివేతలు నాకు కూడా వచ్చు. ఆ ఏటి రాబడిలో ఖర్చులు పోతే మిగిలినది నాకు వాటాగా పంపిన సొమ్ము కంటే తక్కువ వున్నది.

"అన్నా, ఇదేమిది? నాకు పంపినది యాడిది?"

అన్న మాట్లాడలేదు. వాకిట్లో చాటలో బియ్యం చెరుగుతున్న వదిన తలెత్తకుండానే అన్నది: "నా గాజులు బ్యాంకులో ఉండాయబ్బా. ఏటా ఇచ్చేది తక్కువిస్తే నువ్వేమనుకుంటావో అని మీ అన్న రెండు దినాలు అన్నం తినలా."

నేను ఎమ్మే చదివినది ఆ తోపు సొమ్ముతో. 1985లో మా నాయన వేరుశనగ చేను మానేసి ఆ అంట్లు నాటినప్పుడు నాకు ఐదేళ్ళు. అన్న బావి నుంచి కుండతో నీళ్ళు మోస్తుంటే వెనకాలే చెంబుతో పరిగెత్తేవాణ్ణి. నా చెంబులో నీళ్ళు చెట్టు దాకా చేరేవి కావు. ఆ సొమ్ము తిరిగి తీసుకొమ్మని నేనన్నాను. అన్న కోప్పడ్డాడు. వదిన మధ్యవర్తిత్వం చేసింది. ఆ రాయబారాల వివరాలు ఇంటి సంగతులు, వాటిని వదిలేస్తాను. గాజులు దసరాకు ఇంటికి వచ్చాయని మాత్రం చెప్పగలను.

ఇంకొక సంగతి అన్న మర్నాడు పొద్దున తోపులో ఎత్తాడు. దానికి నా ఒప్పుదల కావాలట. పడమటి పక్క ఎకరమున్నర తోతాపురి చెట్లను మోడు చేసి, కొత్త చిగుళ్ళకు బేనీషా అంటు కట్టిస్తాడట. మండీలో తినేకాయగా అమ్ముకోవచ్చు, ఫ్యాక్టరీ గేటు మీదే ఆధారపడనక్కర లేదు. రెండు మూడేళ్ళు వాటిమీద కాపు వుండదు.

"అంతా చేస్తావా?"

"అంతా చేస్తే తినేదేంది? ఎకరమున్నర చూస్తాము. బావికాడ వరస మాత్రం ముట్టను. అది నాయన చేత్తో పెట్టింది."

సరేనన్నాను. రంపం వాళ్ళు నాలుగు చెట్లు పూర్తి చేసేదాకా వుండి బయలుదేరాను. మొదటి కొమ్మ పడ్డప్పుడు ఇద్దరమూ వేరేవైపు చూస్తున్నాము.

బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాక అన్న జేబులోంచి ఆ ఏటి చీటీ తీసి, వెనకవైపు ఖాళీగా వున్నది చూపించాడు.

"ఆ రెండు తేదీలు చెప్పినావే, అవి దీనిమీద రాయి. తెలుగులో రాయి. పెద్ద అక్షరాలుగా."

అతని వీపు మీదే చీటీ ఆనించి రాశాను. ఆపినది ఫిబ్రవరి 5. మళ్ళీ ఇచ్చినది జూన్ 1. సంవత్సరం కూడా వేయమన్నాడు, వేశాను. అనుబంధం 4ఆర్ అని కింద రాయబోతే, "అది వద్దులే, నాకు నోరు తిరగదు" అన్నాడు. ఒకసారి తనలో తాను చదువుకుని, నాలుగు మడతలు పెట్టి, పట్టాదారు పుస్తకంలో పెట్టుకున్నాడు. తిరుపతి బస్సు వచ్చింది.